తుక్కులో మిగిలిన పేరు

సుబర్ణరేఖా నదిలో ఖర్కాయీ వచ్చి కలిసేచోట ఒకప్పుడు సాక్చి అనే చిన్న పల్లె ఉండేది. 1907 ఆగస్టు 26వ తేదీన నమోదైన టాటా ఇనుము ఉక్కు కంపెనీ తన కర్మాగారానికి ఆ పల్లె పొలిమేరను ఎన్నుకొన్నది. 1912 ఫిబ్రవరి 16న అక్కడ తొలి ఉక్కు తయారైనది. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేసినాడు. సమీపాన ఉన్న కాళీమాటి రైలు స్టేషను టాటానగరమైనది. పల్లె పోయినది కాని పేరు పోలేదు. నగరంలో ఒక పేటకు, ఒక బజారుకు సాక్చి అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. బతుకుతెరువు కోసం తూర్పుకోస్తా వెంట రైలెక్కి ఆ ఊరు చేరి, అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది ఇంటిపేరంత పరిచితమైన మాట.

ఉక్కు కొలిమికి మాత్రం పాత పేర్లతో పని లేదు. అరిగిన పట్టాలు, విరిగిన యంత్రాలు, వంగిన దూలాలు తుక్కుగా వచ్చి కొలిమిలో పడినప్పుడు అవి ఏ దారిన పరచిన పట్టాలో, ఏ వంతెన మోసిన దూలాలో అడిగేవారుండరు. కరగిన తరువాత అడిగినా చెప్పగలవారుండరు. అయితే కొలిమి నుండి వెలువడిన ప్రతి పోతకు కొత్తగా ఒక సంఖ్య వేస్తారు. కార్మికుల వాడుకలో దానిని హీటు నంబరు అంటారు. ముందెన్నడైనా ఆ ఉక్కుతో చేసిన పట్టా పగిలితే, ఆ సంఖ్యను పట్టుకొని అది ఏనాటి పోతయో, అందులో ఏ ధాతువు ఎంత పాలు కలిసినదో వెనుకకు వెళ్ళి తెలుసుకొనవచ్చును. ఒక జన్మ వృత్తాంతాన్ని సమూలంగా తుడిచివేసే కొలిమియే మరొక జన్మకు జాతకం వ్రాయడం వింతగానే ఉంటుంది.

విమానానికి ఈ జాతకం మరింత విపులంగా వ్రాయబడుతుంది. ఆకాశంలో ఒక మేకు వదులైనా ప్రాణాపాయమే గనుక, విమాన నిర్మాణంలో ప్రతి భాగానికి ఒక సంఖ్య, దానిని పరీక్షించిన తనిఖీదారు ముద్ర ఉండవలెనని తొలినుండి నియమం. ఆ సంఖ్యలకు ఒక వ్యాకరణం కూడ ఉన్నది. బ్రిటిష్ వారి స్పిట్‌ఫైర్ విమానాన్ని తీసుకొంటే, దాని భాగాలలో 300 అనే అంకెతో మొదలయ్యేవి మొదటి రకానికి, 349తో మొదలయ్యేవి అయిదవ రకానికి, 361తో మొదలయ్యేవి తొమ్మిదవ రకానికి గీసిన నమూనాలను అనుసరించి చేసినవి. మట్టిలో దొరికిన చేతివెడల్పు రేకు ముక్కను చూచి అది ఏ రకం విమానానిదో చెప్పడం ఇందువలననే సాధ్యమవుతున్నది. కాని రకం తెలియడం వేరు, వ్యక్తి తెలియడం వేరు. ఆ రకానికి చెందిన వేలాది విమానాలలో ఇది ఏది అని నిర్ణయించాలంటే, తయారీదారు బిగించిన చిన్న లోహపు పలక దొరకవలెను, లేదా రంగు పొరల క్రింద దాని దళ సంఖ్య కనిపించవలెను.

తెలుగు దేశ చరిత్ర చదివినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. వేంగీ చాళుక్యుల దానాలను గురించి నేడు తెలిసినదానిలో ఎక్కువ భాగం తామ్రశాసనాలు చెప్పినదే. రాగిరేకులను కడియంతో గుదిగ్రుచ్చి, కడియం కొసలను వరాహ లాంఛనం గల ముద్రతో అతికేవారు. రాజ్యాలు పోయినవి, దానమిచ్చిన గ్రామాల ఎల్లలు మారినవి. పొలం దున్నుతుండగా నాగటి కర్రుకు తగిలిన రేకులు మాత్రం దాత పేరును, ప్రతిగ్రహీత గోత్రాన్ని చెబుతూనే ఉన్నవి. విమానపు పలక కూడ అట్టి శాసనమే. భేదమల్లా, ఆ పలక మీద ప్రశస్తి లేదు, వంశావళి లేదు, అక్షరాలు నాలుగు, అంకెలు అయిదు మాత్రమే. మిగిలిన కథను కాగితాలలో వెదకవలెను.

ఆ కాగితాలు కూడ సామాన్యమైనవి కావు. బ్రిటిష్ వైమానిక దళం తన ప్రతి విమానానికి ఫారం 78 అనే ఒక కార్డు తెరచేది. ఏ తేదీన ఏ దళానికి పోయినది, ఎప్పుడు దెబ్బతిన్నది, ఎప్పుడు లెక్కలనుండి కొట్టివేయబడినది అనే వివరాలు అందులో పొట్టి పొట్టి సంకేతాలతో వ్రాసి ఉంటవి. ప్రతి దళానికి రోజువారీ కార్యకలాపాల పుస్తకం వేరుగా ఉండేది. ఏ విమానాన్ని ఏ చోదకుడు ఎన్ని గంటలకు ఎత్తుకొనిపోయి ఎన్ని గంటలకు దించినదీ అందులో దొరుకుతుంది. చోదకుని సొంత పుస్తకం మరొకటి. పలక మీది సంఖ్య ఈ మూడింటికీ తాళపుచెవి వంటిది.

యుద్ధకాలంలో సంఖ్యలే రహస్యాలైనవి. బ్రిటిష్ వారు తమ విమానాలకు వరుస సంఖ్యలు వేస్తూ మధ్యమధ్య కావాలని ఖాళీలు విడిచినారు. శత్రువు కూలిన విమానాల సంఖ్యలను కూడబెట్టి మొత్తం ఎన్ని తయారైనవో లెక్క కట్టకుండా చేసిన ఉపాయమది. వారి జాగ్రత్త వృథా కాలేదనడానికి నిదర్శనం వారి పక్షంలోనే ఉన్నది. మిత్రరాజ్యాల గణాంక శాస్త్రజ్ఞులు, పట్టుబడిన జర్మను ట్యాంకుల గేరుపెట్టెల మీద, చక్రాల మీద ఉన్న సంఖ్యలనుబట్టి జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు చేయుచున్నదో ఊహించినారు. యుద్ధానంతరం జర్మను దస్తావేజులతో సరిచూచినప్పుడు, గూఢచారుల లెక్కలకంటె ఈ లెక్కలే నిజానికి చాల దగ్గరగా ఉన్నట్లు తేలినది.

ఆ యుద్ధం సాక్చి ముంగిటికి కూడ వచ్చినది. జంషెడ్‌పూర్ ముఖ్యపట్టణంగా ఉన్న నేటి తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే చాకులియా ఉన్నది. 1944లో అమెరికావారు తమ సరికొత్త బి-29 భారీ బాంబరు విమానాల కోసం ఖరగ్‌పూర్ చుట్టుప్రక్కల సిద్ధపరచుకొన్న స్థావరాలలో అది ఒకటి. ఆ స్థావరాల విమానాలు హిమాలయాలను దాటి, చైనాలోని చెంగ్డూ ప్రాంతంలో దిగి, అక్కడనుండి 1944 జూన్ 15 రాత్రి జపానులోని యవాతా ఉక్కు కర్మాగారంపై దాడికి లేచినవి. ఒక ఉక్కు నగరపు పొరుగునుండి బయలుదేరిన విమానాలు మరొక ఉక్కు నగరాన్ని గురిచేసుకొన్నవి. 1945లో ఆ విమానాలన్నీ పసిఫిక్ సముద్రంలోని మేరియానా దీవులకు తరలిపోయినవి. అమెరికావారు తమవి తాము తీసుకొనిపోయినారు; బ్రిటిష్ వారికి అరువుగా ఇచ్చిన విమానాల గతి అట్లు కాలేదు. ఈ చరిత్రలో అసలు ఘట్టం వాటిది. అది చాకులియాకు పడమట, గంగాతీరాన, కాన్పూరులో జరిగినది.

1941 మార్చినాటి ‘లెండ్-లీజ్’ చట్టం ప్రకారం అమెరికా బ్రిటనుకు ఇచ్చిన సామగ్రిని యుద్ధం ముగిసిన తరువాత తిరిగి ఇవ్వవలెను, లేదా నిరుపయోగం చేయవలెను. తిరిగి మోసుకొనిపోవడం కంటె పాడుచేయడమే చవుక. లిబరేటర్ అని పేరుగల బి-24 నాలుగు ఇంజనుల బాంబరు విమానాలను కాన్పూరులోని చకేరీ మైదానంలో దాదాపు నూరింటిని వరుసలుగా నిలిపి, ఇంజనులలో ఇసుక పోసి, పరికరాలను పగులగొట్టి, మరెన్నడూ ఎగురవనే ధీమాతో విడిచి వెళ్ళినారు. రెక్కల చివరి నుండి చివరికి 110 అడుగులుండే పెద్ద విమానాలవి. యుద్ధకాలంలో అమెరికాలో 18,000కు పైగా తయారైనవి. వాటి పేరుకు విమోచకుడని అర్థం. ఆ పేరు పెట్టుకొన్న వాటిని స్వాతంత్ర్యం ముంగిట నిలిచిన దేశంలో ఈ విధంగా చంపి పోవడంలోని వ్యంగ్యం ఆనాడు ఎవరికైనా తట్టి ఉంటుందో లేదో.

1948లో, కాశ్మీరు యుద్ధం నడుస్తుండగా, కొత్త ప్రభుత్వానికి భారీ బాంబరు విమానాలు అవసరమైనవి. కొనడానికి డబ్బు లేదు. బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారం పనివారు కాన్పూరు వెళ్ళి ఆ తుక్కును పరిశీలించినారు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ఆ కర్మాగారం యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళానికి మరమ్మతు కేంద్రంగా పనిచేసినది గనుక అమెరికా విమానాల కట్టుబడి వారికి తెలియనిది కాదు. ఒకదాని రెక్క, మరొకదాని తోక, ఇంకొకదాని ఇంజను తెచ్చి అతికి, ఎగరడానికి తగినంత మాత్రం బాగుచేసినారు. కర్మాగారపు చోదకుడు జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా కాన్పూరు నుండి బెంగుళూరుకు నడిపించి తెచ్చినాడు. అక్కడ సంపూర్ణంగా పునర్నిర్మాణం జరిగినది. మొత్తం లెక్క గ్రంథాన్నిబట్టి 36కు 42కు మధ్య మారుతుంది. 1948 నవంబరులో భారత వైమానిక దళపు అయిదవ స్క్వాడ్రన్ ఈ విమానాలతోనే ఏర్పడినది. తరువాత సముద్రపు కాపలా పనికి ఆరవ స్క్వాడ్రన్ వాటిని వాడుకొన్నది. 1968 వరకు అవి ఎగిరినవి.

ఆ ఇరవై ఏళ్ళ సేవను గురించి దేశంలో వ్రాసినది చాల తక్కువ. వాటిని గురించి ప్రపంచానికి ఆసక్తి కలిగినది అవి విరమించిన తరువాత. అమెరికాలో యుద్ధం ముగిసిన వెంటనే వేలకొలది లిబరేటర్లను కరగించి అల్యూమినియం దిమ్మలుగా చేసినారు. తమవి కరగిపోయిన పిమ్మట చూచుకొంటే, లోకంలో మిగిలిన లిబరేటర్లలో అధిక భాగం భారతదేశంలోనే ఉన్నవి. 1968 మొదలు లండన్, కెనడా, అమెరికా దేశాల ప్రదర్శనశాలలు, సంపన్న సేకర్తలు వాటిని కోరి తీసుకొనిపోయినారు.

అప్పుడు పుట్టినది గుర్తింపు సమస్య. ఒక్కొక్క విమానానికి మూడు పేర్లున్నవి. అమెరికా పద్ధతిలో 44-44052 అంటే, 1944 ఆర్థిక సంవత్సరంలో కొనుగోలుకు ఆజ్ఞ అయిన విమానాలలో ఆ సంఖ్య గలది అని అర్థం. దానినే బ్రిటిష్ దళం స్వీకరించినప్పుడు కె.హెచ్. 191 అన్నది. భారత దళం తిరిగి హెచ్.ఇ. అనే అక్షరాలతో తన సంఖ్య వేసినది. పైన కనబడేది చివరి పేరు మాత్రమే. లోపలి పలకలను, పాత రంగు పొరలను శోధించి మొదటి రెండింటిని తెలుసుకొనవలసి వచ్చినది. పైగా కాన్పూరులో భాగాలు కలగాపులగమైనవి గదా! ఒకే విమానంలో అన్నదమ్ముల అవయవాలు ఎన్నో చేరి ఉన్నప్పుడు ఏ అవయవం పేరు దేహానికి పెట్టవలెను?

మిళింద మహారాజును నాగసేన భిక్షువు అడిగిన ప్రశ్న ఇదియే. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగలు రథమా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదని రాజుచేతనే అనిపించి, రథమనేది ఒక వ్యవహారనామమని భిక్షువు తేల్చినాడు. విమాన చరిత్రకారులు ఇంత దూరం పోలేరు. వారికి ఏదో ఒక పేరు వ్రాసుకొనక తప్పదు. వారి సంప్రదాయంలో మధ్యదేహం, అనగా చోదకుడు కూర్చుండే భాగం, పలక బిగించి ఉండే భాగం ఏ విమానానిదో మొత్తానికి ఆ పేరే చెల్లుతుంది. రెక్కలు, తోక, ఇంజను ఎన్నిసార్లు మారినా లెక్కలేదు. ఇది తర్కం కంటె వాడుక మీద ఆధారపడిన నియమం. అయినా దీనికంటె మంచి నియమం ఇంతవరకు ఎవరూ చూపలేదు.

లిబరేటర్ల విషయంలో వ్యవహారం పెద్దది, సాక్షులు అనేకులు. ఒంటరిగా దొరికిన ఒక చిన్న విమానం కథ ఇంకను చిత్రమైనది. 1982లో పీటర్ వాషర్ అనే ఆంగ్లేయుడు పాత రోల్స్-రాయిస్ కార్లను వెదుకుతూ భారతదేశానికి వచ్చినాడు. కాశీలో, మదనమోహన మాలవీయ నెలకొల్పిన హిందూ విశ్వవిద్యాలయం ఆవరణలో, చెట్లమధ్య శిథిలమవుతున్న ఒక హరికేన్ యుద్ధవిమానం ఆయన కంటబడినది. యుద్ధం ముగిసిన తరువాత ఇంజనీరింగు విద్యార్థులు విప్పి చూచి నేర్చుకొనడానికి ఇచ్చిన విమానమది. కాలక్రమంలో పాఠ్యాంశాలు మారినవి. విమానం ఎండకు, వానకు మిగిలినది.

హరికేన్లు భారతదేశానికి అపరిచితాలు కావు. 1944లో ఇంఫాల్ ముట్టడి వేళ అర్జన్ సింగ్ నాయకత్వాన భారత దళపు మొదటి స్క్వాడ్రన్ యుద్ధం చేసినది వాటితోనే. మొత్తం 14,000కు పైగా తయారైన విమానమది. కనుక కాశీలో ఉన్నది వాటిలో ఏదో ఒకటి అనుకొంటే సరిపోయేది. దాని మీది సంఖ్యలు మరొక మాట చెప్పినవి. గ్లాస్టర్ కంపెనీ తయారీ సంఖ్య జి5-92301. దళ సంఖ్య ఆర్ 4118.

ఆర్ 4118 అనే సంఖ్యతో బ్రిటిష్ దస్తావేజులు తెరచి చూడగా వెలువడిన వృత్తాంతం ఇది. గ్లాస్టర్ వారు బ్రాక్‌వర్త్ కర్మాగారంలో నిర్మించిన ఈ మొదటి రకం హరికేన్ 1940 ఆగస్టులో 605వ స్క్వాడ్రన్‌కు చేరినది. అది లండన్‌పై జర్మను విమానాలు విరుచుకుపడిన కాలం. క్రోయ్‌డన్ మైదానం నుండి ఇది 49 పర్యాయాలు యుద్ధానికి లేచినది. అయిదు శత్రువిమానాల పతనంలో దీని పేరు నమోదైనది. తరువాత దెబ్బతిని, బాగుపడి, కొత్త రకాలు వచ్చిన పిమ్మట శిక్షణ దళాలలో పనిచేసి, 1943 డిసెంబరులో ఓడ ఎక్కి భారతదేశానికి బయలుదేరినది. అప్పటికి మొదటి రకం పాతబడినది గనుక ఇక్కడ దానిని యుద్ధరంగానికి పంపలేదు. 1947లో లెక్కలనుండి కొట్టివేసినారు. దానిని నడిపిన చోదకులలో బాబ్ ఫాస్టర్ అప్పటికి జీవించి ఉండి, తన యౌవనంలోని విమానాన్ని వార్ధక్యంలో తిరిగి చూడగలిగినాడు. ఆ పలక లేకున్న ఈ కథలో ఒక్క వాక్యమైనా తెలిసేది కాదు. విమానం పాత ఇనుప సామానువాడి తూకానికి పోయేది.

ఏళ్ళ తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచిన తరువాత 2001లో విమానం ఇంగ్లండుకు పోయినది. 1972నాటి పురావస్తు చట్టం నూరేళ్ళు నిండిన వస్తువులనే పురావస్తువులుగా పరిగణిస్తుంది. ఆర్ 4118కు నూరేళ్ళు నిండేది 2040లో. రాయికి, కంచుకు సరిపోయిన ఆ కొలత యంత్రానికి సరిపోదు. యంత్రం నూరేళ్ళు ఆగదు, ఆగకముందే తుప్పు పడుతుంది లేదా అమ్ముడుపోతుంది. ఈ విమానం అక్కడ నిపుణుల చేతిలో పునర్నిర్మాణం పొంది 2004 డిసెంబరు 23న తిరిగి ఆకాశానికి లేచినది. కాశీలో మిగిలి ఉంటే ఆ భాగ్యం కలిగేది కాదని ఒప్పుకొనడమే న్యాయం.

గుర్తింపుకు ఇంత విలువ ఏర్పడిన చోట మోసం కూడ ప్రవేశించకమానదు. దానశాసనాలు పొలాన్ని ఇచ్చేవి గనుక కూటశాసనాలు పుట్టినవి. లిపి ఒక శతాబ్దిది, పేర్కొన్న రాజు మరొక శతాబ్దివాడు కావడం చూచి పండితులు వాటిని పట్టుకొన్నారు. విమానపు పలక అరచేతిలో ఇముడుతుంది. దానిని ఊడదీసి, కొత్త లోహంతో సర్వం నిర్మించిన విమానానికి బిగించి, ఇది ఫలానా యుద్ధవీరుని విమానమని చెప్పడం కష్టం కాదు. అందుచేత వివేకం గల పరిశోధకుడు పలకను ఒంటరిగా నమ్మడు. భాగాల మీది తనిఖీ ముద్రలు పలక చెప్పిన కర్మాగారానివేనా, మరమ్మతు గుర్తులు కార్డులో వ్రాసిన ప్రమాదానికి సరిపోతున్నవా, రంగు పొరల వరుస దళాల వరుసతో కలుస్తున్నదా అని చూస్తాడు. కాశీ విమానానికి ఈ విషయంలో ఒక అదృష్టం కలిగినది. దశాబ్దాలపాటు ఎవరూ దానిని పట్టించుకొనలేదు గనుక ఎవరూ దానిని మార్చలేదు.

అయితే ఇంత శ్రమపడి వెలికితీసిన గుర్తింపును తరువాత ఏమి చేస్తున్నారన్నది విచారించవలసిన సంగతి. ఆర్ 4118 మీద నేడు కనిపించేవి 1940నాటి 605వ స్క్వాడ్రన్ అక్షరాలు. అది యుద్ధం చేసినది కొన్ని వారాలు. కాశీలో ఉన్నది అర్ధశతాబ్దికి మించి. ఇంజను అంటే ఏమిటో దాని ముందు నిలిచి నేర్చుకొన్న విద్యార్థుల కాలానికి విమానం ఒంటిమీద చారెడు చోటు కూడ దక్కలేదు. కె.హెచ్. 191 లిబరేటర్ కథ ఇంకను స్పష్టం. 1981లో ఇంగ్లండుకు, 1984లో అమెరికాలోని కాలింగ్స్ సంస్థకు చేరి, దాదాపు 97,000 పనిగంటల శ్రమతో బాగుపడి, 1989లో ఎగిరినది. దానికి మొదట ‘ఆల్ అమెరికన్’ అని, 1998లో ‘డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్’ అని, 2005లో ‘విచ్‌క్రాఫ్ట్’ అని పేర్లు వ్రాసినారు. మూడూ వేరే విమానాల పేర్లు. వాటి జ్ఞాపకార్థం ఆ వేషం వేసినారు. అందులో తప్పుపట్టవలసినది లేదు. కాని విమానపు సైనిక సేవలో అధిక భాగం భారత దళపు త్రివర్ణ చక్రం క్రింద గడిచినది. పలకలను చదివి మూడు పేర్లను వెలికితీసినవారు రంగు వేసేటప్పుడు మూడవ పేరును విడిచిపెట్టినారు. కాన్పూరులో ఇసుక కడిగిన బెంగుళూరు పనివారి చేతిముద్రలు మాత్రం రేకుల లోపలి వైపున రివెట్ల వరుసలుగా ఉన్నవి. వాటికి రంగు అంటదు.

లండన్ సమీపాన హెండన్‌లో ఉన్న లిబరేటర్ కొంత మేలు. 1945లో కోకోస్ దీవుల నుండి 99వ స్క్వాడ్రన్‌తో పనిచేసిన కె.ఎన్. 751 అది, భారత దళంలో హెచ్.ఇ. 807 అయినది, 1974లో భారత వైమానిక దళం కానుకగా ఇవ్వగా ఇంగ్లండు చేరినది. అక్కడ దానికి వేరొకరి వేషం వేయక, దాని సొంత బ్రిటిష్ సంఖ్యనే ఉంచినారు. మూడవ పేరును కూడ చూడగోరేవారు ఢిల్లీలోని పాలం వైమానిక ప్రదర్శనశాలకు పోవలెను. అక్కడ ఆరుబయట నిలిచిన లిబరేటర్ మీద హెచ్.ఇ. 924 అనే భారత సంఖ్య, త్రివర్ణ చక్రం ఉన్నవి.